ఏ తైజౌ?

అక్టోబరు మొదటి శనివారం సాయంత్రం ఐదున్నరకు పిస్కాటవేలోని రఘువీర్ ఇంట్లో పాట్‌లక్ మొదలైంది. ఏడు కుటుంబాలు వచ్చాయి. వాళ్ళలో కొత్త మనిషి ఒక్కడే, వీరాంజనేయులు. వయసు నలభై ఒకటి. ఆగస్టులో అల్ఫారెట్టా నుంచి మారాడు. ఒక మందుల కంపెనీలో ముడిసరుకు కొనే విభాగంలో పనిచేస్తాడు. భార్యా పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. స్టీలు గిన్నెలో చిత్రాన్నం తెచ్చాడు.

కొత్తగా వచ్చినవాళ్ళను రఘువీర్ తలుపు దగ్గరే అడుగుతాడు.

"ఏ ఊరండీ మీది?"

"కొత్తపల్లి సార్."

"ఏ కొత్తపల్లి? ఉప్పాడ కొత్తపల్లా, కరీంనగర్ కొత్తపల్లా?"

"కర్నూలు వైపు సార్. ఇప్పుడు నంద్యాల జిల్లా."

"ఊళ్ళో ఇల్లు ఎక్కడ?"

"బస్టాండు వెనకాల."

"నాన్నగారు ఏం చేసేవారు?"

"స్కూల్ టీచర్."

"ఇంటిపేరు?"

వీరాంజనేయులు చెప్పాడు. మొత్తం ఆరు ప్రశ్నలు. నిమిషం కూడా పట్టలేదు. ఈ ప్రశ్నలతో తెలుసుకునే విషయాన్ని రఘువీర్ ఎప్పుడూ నేరుగా అడగడు. అమెరికా వచ్చాక అలాంటివి పట్టించుకోవడం మానేశామని అతను రెండుసార్లు అసోసియేషన్ మీటింగుల్లో మైకు పట్టుకుని చెప్పాడు.

"సరే, గిన్నె ఆ టేబుల్ మీద పెట్టు. గరాజ్‌లో పేపర్ ప్లేట్లున్నాయి, పట్రా" అన్నాడు.

ఇంటిపేరు చెప్పేదాకా మీరు. చెప్పాక నువ్వు. వీరాంజనేయులు వెళ్ళి ప్లేట్లు తెచ్చాడు.

ఏడున్నరకు రఘువీర్ లాప్‌టాప్‌ను టీవీకి తగిలించాడు. అతనికి యాభై మూడేళ్ళు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టర్. వంట తప్ప మిగిలిన ప్రతి పనికీ స్ప్రెడ్‌షీట్ తయారుచేస్తాడు. నవంబరులో పాత స్నేహితుడు రాజ్ మేనల్లుడి పెళ్ళికి నలుగురూ హైదరాబాద్ వెళ్తున్నారు: రఘువీర్, భార్య గిరిజ, రాజ్, అతని భార్య రేణు. దారిలో చైనాలో నాలుగు రాత్రులు ఆగాలని ప్లాన్. అమెరికన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు అక్కడి నుంచి మూడో దేశానికి పోతుంటే వీసా లేకుండా పది రోజులు ఉండొచ్చు. నలుగురికీ ఆ పాస్‌పోర్టులు ఉన్నాయి. ఈ సంగతి రఘువీర్ మొదటి స్లైడ్‌లోనే పెట్టాడు.

"కొండలంటే జాంగ్‌జియాజీ ఎందుకు కాదు అని అడుగుతారు మీరు" అన్నాడు. ఎవరూ అడగలేదు. "మన వాళ్ళు ఇప్పటికి పదకొండు ఫామిలీలు వెళ్ళొచ్చారు. అది తిరుపతి అయిపోయింది. క్యూలో నిలబడడానికి చైనా దాకా ఎందుకు?"

"కరెక్టే" అన్నాడు రాజ్. ఇరవై రెండేళ్ళుగా రఘువీర్‌తో అతను ఎక్కువగా వాడిన మాట అది.

రెండో స్లైడ్‌లో కొండలు. పొగమంచులోంచి లేచిన రాతి స్తంభాలు, వాటి నడుమ వంతెన, కొండ అంచున కట్టిన నడకదారి.

"తైజౌ" అన్నాడు రఘువీర్. "మన వాళ్ళు ఒక్కరు కూడా వెళ్ళలేదు. పేరు కూడా విని ఉండరు. నేను కనిపెట్టాను."

గిరిజ వంటింటి గట్టు దగ్గర నిలబడి డబ్బాల్లోకి అన్నం సర్దుతోంది. ఆ కొండల సంగతి జూలైలో అతనికి చెప్పింది ఆమె.

గిరిజ ఒక లాబ్‌లో పనిచేస్తుంది. మాత్రలు కరుగుతున్నాయో లేదో పరీక్షించడం పని. పదకొండేళ్ళు ఆమె పక్క బల్ల దగ్గర లిన్ పనిచేసింది. లిన్‌ది తైజౌ జిల్లా కిందికి వచ్చే షియాన్‌జూ. ఆ పేరుకు చావులేనివాళ్ళు ఉండే చోటు అని అర్థమట. ఏప్రిల్‌లో రిటైరై తిరిగి వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు గిరిజకు ఒక కార్డు ఇచ్చింది. దాని మీద ఇంటి అడ్రస్ చైనా అక్షరాల్లో ఉంది.

"నువ్వు రావులే" అంది లిన్. "పదకొండేళ్ళలో నువ్వు లంచ్‌కి కూడా బయటికి రాలేదు."

"వస్తాను" అంది గిరిజ.

జూలైలో ఆమె అడిగినప్పుడు రఘువీర్, "చైనాలో నీకు తినడానికి ఏముంటుంది?" అన్నాడు. మూడు వారాల తర్వాత పదకొండో కుటుంబం జాంగ్‌జియాజీ నుంచి తిరిగొచ్చి పక్క ఊరు ఎడిసన్‌లో ఫొటోలు చూపించింది. ఆ ఆదివారం రఘువీర్ తైజౌ పేరు కొట్టి హోటల్ వెతికాడు. లిన్‌ను ఒకసారి అడుగుదామని గిరిజ అంది. ఆప్‌లో అన్నీ ఉంటాయని అతను అన్నాడు.

నాలుగో స్లైడ్‌లో హోటల్. నది ఒడ్డున పద్దెనిమిది అంతస్తులు. షాంఘై నుంచి రైల్లో రెండున్నర గంటలు.

గోడ పక్కన నిలబడ్డ వీరాంజనేయులు అడిగాడు. "ఏ తైజౌ సార్?"

రఘువీర్ టీవీ వైపు నుంచి తిరిగాడు. "ఏంటి?"

"ఏ తైజౌ అని సార్. రెండున్నాయి కదా."

రఘువీర్ నవ్వాడు. అతను నవ్వాడు కాబట్టి రాజ్ నవ్వాడు. ఆ పక్కనున్న ఇద్దరు కూడా నవ్వారు.

"చైనా అనుకున్నావా, మీ కొత్తపల్లి అనుకున్నావా? ఊరికో కొత్తపల్లి ఉండడానికి?"

"అది కాదు సార్, మా కంపెనీలో..."

"కూర్చోవయ్యా. క్వశ్చన్స్ చివర్లో."

చివర్లో ప్రశ్నలకు టైమ్ ఇవ్వలేదు. రఘువీర్ అక్కడికక్కడే వాట్సాప్ గ్రూప్ చేసి 'హిడెన్ చైనా' అని పేరు పెట్టాడు. ప్రయాణించేది నలుగురు. గ్రూప్‌లో చేర్చింది ముప్పై ఒక్క మందిని.

తొమ్మిదిన్నరకు వీరాంజనేయులు గిన్నె కోసం వంటింట్లోకి వచ్చాడు. గిరిజ దాన్ని కడిగి తుడిచి ఉంచింది.

"వీరాంజనేయులు గారూ, ఏ తైజౌ అని ఎందుకన్నారు?"

"ఏం లేదు మేడమ్. పోనీలెండి."

"చెప్పండి."

"ఇంగ్లిష్‌లో రెండూ ఒకటే స్పెల్లింగ్ మేడమ్. ఒకటి పైన ఉత్తరాన, జియాంగ్సు రాష్ట్రంలో. అదంతా మైదానం, కాలువలు. ఇంకోటి కింద, జజియాంగ్‌లో. కొండలు ఈ కిందదాంట్లో. మధ్యలో నాలుగొందల కిలోమీటర్ల పైనే. రెండు చోట్లా మందుల ఫ్యాక్టరీలున్నాయి. మా ఆడిటర్ ఒకాయన ఫ్యాక్టరీ చూడడానికని పోయి, ఒకదానికి బదులు ఇంకోదాంట్లో దిగినాడు. అప్పటి నుంచీ మేం ఆర్డర్ మీద చైనా అక్షరం లేకుండా పంపం."

"అక్షరం వేరేనా?"

అతను పేపర్ టవల్ చింపి రెండు అక్షరాలు గీశాడు. మొదటిది చకచకా వచ్చింది. రెండోదానికి ఫోన్ చూసుకోవాల్సి వచ్చింది.

"దీనికి కింద పెట్టె ఉంది చూడండి మేడమ్, చదరంగా. కొండలున్న తైజౌ ఇది. పెట్టె లేనిది కాలువల తైజౌ. నాకూ చైనీస్ రాదు. పెట్టె ఉందా లేదా, అంతే చూస్తా."

గిరిజ ఆ కాగితం మడిచి పప్పు డబ్బా వెనక పెట్టింది. అందరూ వెళ్ళాక లిన్ కార్డు తీసింది. అందులో పెట్టె ఉంది. హోటల్ పంపిన ఈమెయిల్ తెరిచింది. అడ్రస్ వరస చైనా అక్షరాల్లోనే ఉంది. పెట్టె లేదు. మూడుసార్లు చూసింది. మాత్రలు పరీక్షించేవాళ్ళు ఏదైనా మూడుసార్లు చూస్తారు.

సోమవారం రఘువీర్ ఆఫీస్ నుంచి వచ్చి కాఫీ తాగేదాకా ఆగి చెప్పింది.

"స్పెల్లింగ్ చూశావా?" అన్నాడు రఘువీర్. "నేను కొట్టిందీ, నువ్వు చెప్పిందీ ఒకటేగా?"

"స్పెల్లింగ్ ఒకటే. ఊళ్ళు రెండు."

"ఎవరు చెప్పారు? వాడేనా?"

"నేనే చూశాను. లిన్ కార్డుతో పోల్చి చూశాను."

"చైనీస్ ఎప్పుడు నేర్చుకున్నావు?"

గిరిజ పేపర్ టవల్ తెచ్చి బల్ల మీద పరిచింది. పెట్టె మీద వేలు పెట్టింది. రఘువీర్ దాన్ని ముట్టుకోలేదు. లాప్‌టాప్ తీసుకుని పైకెళ్ళి తలుపు వేసుకున్నాడు. నలభై నిమిషాల తర్వాత దిగొచ్చాడు.

"రెండున్నాయి" అన్నాడు. "నాకు ముందే తెలుసు."

"అయితే మార్చేద్దాం. నవంబరు ఐదు దాకా ఫ్రీ క్యాన్సిలేషన్ అని ఉంది. లిన్‌ని అడిగితే షియాన్‌జూలోనే హోటల్ చెబుతుంది."

"ఏమని చెప్పి మార్చను?"

"తప్పు ఊరు బుక్ చేశామని."

"ఎవరితో? గ్రూప్‌లో ముప్పై ఒక్క మంది ఉన్నారు. వాడు కూడా ఉన్నాడు. రాజ్‌గాడు యాడ్ చేశాడు. ఆ బస్టాండు వెనకాలవాడు అడిగితే రఘువీర్ ప్లాన్ మార్చుకున్నాడని రేపు ఎడిసన్ అంతా చెప్పుకోవాలి. అంతేనా?"

"చెప్పుకుంటే ఏమవుతుంది?"

అతను లాప్‌టాప్ తీసుకుని మళ్ళీ పైకెళ్ళాడు. ఆ రాత్రి భోజనం పైన గదిలోనే చేశాడు. మర్నాడు ఉదయం ఏడూ పదికి గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. గిరిజ లాబ్ పార్కింగ్‌లో కారులో కూర్చుని చదివింది.

'ఫ్రెండ్స్, చాలా రీసెర్చ్ తర్వాత ఒక డెసిషన్ తీసుకున్నాను. కొండలు అందరూ చూస్తారు. మనం జియాంగ్సు తైజౌ చూస్తున్నాం. వాటర్ టౌన్. కాలువలు, పడవలు, అసలైన చైనా. రెండు తైజౌలు ఉన్నాయని చాలామందికి తెలియదు.'

పంతొమ్మిది బొటనవేళ్ళు వచ్చాయి. వీరాంజనేయులు ఏమీ పెట్టలేదు. రాజ్ నమస్కారం పెట్టాడు.

తప్పును ఒప్పుకోవడం కన్నా తప్పు దగ్గరికి విమానంలో వెళ్ళి నాలుగు రాత్రులు ఉండిరావడం రఘువీర్‌కు తేలిక.

లంచ్ టైమ్‌లో గిరిజ లిన్‌కు ఫోన్ చేసింది. అక్కడ అర్ధరాత్రి దాటింది. లిన్ వెంటనే ఎత్తింది.

హోటల్ పేరు విని, "ఆ ఊళ్ళో కొండ లాంటిది ఏదైనా ఉందంటే అది మీ హోటలే" అంది.

గిరిజ నవ్వలేదు.

"మీ ఆయన మారుస్తాడా?"

"మార్చడు."

"సరే అయితే. రావని నేను ఏప్రిల్‌లోనే చెప్పాను." లిన్ గొంతులో కోపం లేదు. దుంపలు ఉడకలేదని చెప్పినట్టు చెప్పింది. "ఏం పరవాలేదు. ఫొటోలు పంపిస్తాను."

ఆ మాట గిరిజ సాయంత్రం ఇంటికొచ్చాక అతనికి చెప్పింది. పదకొండేళ్ళ పక్క మనిషి తనను అంచనా వేసినట్టే అయిందని చెప్పింది. తను అడిగిన ట్రిప్ ఇదొక్కటేనని కూడా చెప్పింది. ఓర్లాండో, కాంకున్, అలాస్కా షిప్, అన్నీ అతను చెప్పినవే.

"అయితే లిన్‌ని ఈ తైజౌకే రమ్మను" అన్నాడు రఘువీర్. "రైళ్ళుంటాయిగా."

ఆదివారం రాజ్ ఇంట్లో నలుగురూ కూర్చున్నారు. రఘువీర్ కొత్త స్ప్రెడ్‌షీట్ తెచ్చాడు. కాలువల్లో పడవ రెండు గంటలు, పాతవీధి మూడు గంటలు, ఒక మ్యూజియం.

"మొన్న స్లైడ్‌లో కొండలు చూపించారు కదా అన్నయ్యా?" అంది రేణు.

"అవి రెఫరెన్స్ కోసం."

"దేనికి రెఫరెన్స్?"

"ఏయ్, ఆగు నువ్వు" అన్నాడు రాజ్. "రఘు అంత రీసెర్చ్ చేసిండు. కొండలు మన దగ్గర లేవా? మా భువనగిరిల ఉన్నది పెద్ద గుట్ట. చిన్నప్పుడు రోజూ చూసేటోణ్ణి. ఏమున్నదండ్ల? రాయి."

"ఇక్కడ సీ లెవల్‌కి ఐదు మీటర్లే" అన్నాడు రఘువీర్. "మోకాళ్ళకి మంచిది."

"మా ఇంటి ముందు రోడ్డు కూడా చదునుగానే ఉంటుంది అన్నయ్యా" అంది రేణు. "మోకాళ్ళకి మంచిదే."

గిరిజ టీ కప్పు కింద పెట్టింది. "నేను షియాన్‌జూ వెళ్తున్నాను" అంది.

రాజ్ స్ప్రెడ్‌షీట్ మీంచి తల ఎత్తాడు.

"జోక్ చేస్తోంది" అన్నాడు రఘువీర్.

"హోటల్ అక్కర్లేదట. లిన్ ఇంట్లో ఉంటాను. షాంఘైలో మీరు పైకెళ్ళే రైలెక్కండి. నేను కిందికెళ్ళేదెక్కుతాను. ఐదో రోజు సాయంత్రం ఎయిర్‌పోర్ట్‌లో కలుస్తాను."

"ఒక్కదానివే? చైనాలో?"

"న్యూయార్క్‌లో పనున్నప్పుడల్లా ఎడిసన్‌లో ఒక్కదాన్నే రైలెక్కి వెళ్తున్నాను కదా ఇన్నేళ్ళుగా. ఇదీ రైలే."

"పేరు చదవడం వచ్చా స్టేషన్‌లో?"

"పెట్టె చూసుకుంటాను."

రేణు నవ్వింది. రాజ్ ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వడం ఆపి, మళ్ళీ కొంచెం నవ్వింది.

ఇంటికొచ్చే దారిలో రఘువీర్ రెండు సిగ్నళ్ళ దగ్గర హారన్ కొట్టాడు. తర్వాతి అయిదు వారాల్లో ఆ విషయం ఎత్తలేదు. గిరిజ వంటింటి ఫ్రిజ్ మీద రైలు టికెట్ ప్రింట్ అంటించింది. అతను పాలు తీసుకునేప్పుడు దాన్ని చూసేవాడు. రాజ్‌తో ఫోన్‌లో అన్న మాట మెట్ల మీది నుంచి ఆమెకు వినిపించింది. "ఎక్కడికీ వెళ్ళదు రా. ఎయిర్‌పోర్ట్‌కి వచ్చేసరికి దిగొస్తుంది. పాస్‌పోర్ట్‌లు నా దగ్గరే ఉన్నాయి."

పాస్‌పోర్ట్‌లు నిజంగానే అతని దగ్గర ఉన్నాయి. ప్రతి ప్రయాణానికీ అందరివీ ముందే తీసుకుని, రబ్బర్ బ్యాండ్ వేసి, తన బ్యాగ్‌లో పెట్టుకుంటాడు. కౌంటర్ దగ్గర కట్ట మొత్తం తనే ఇస్తాడు, ప్రశ్నలకు తనే జవాబు చెబుతాడు. రాజ్ పాస్‌పోర్ట్ కూడా ఇరవై రెండేళ్ళుగా ఆ కట్టలోనే ప్రయాణిస్తోంది.

నవంబరు ఇరవై, గురువారం. మధ్యాహ్నం ఒకటిన్నరకు నలుగురూ జేఎఫ్‌కేలో చెకిన్ వరసలో నిలబడ్డారు. ముందర ముప్పై మంది ఉన్నారు. పెట్టెలు తోసుకుంటూ కదులుతున్నారు. రేణు గిరిజ పక్కకు వచ్చింది.

"అక్కడ తిండి ఏం దొరుకుతుంది?"

"లిన్ వండుతుంది. మాంసం వెయ్యనంది. నూనె ఎక్కువేస్తుంది, అది మాత్రం మానిపించలేనంది."

"ఇంకో మంచం ఉందా ఆమె ఇంట్లో?"

"అడగనా?"

రేణు రాజ్ వీపు వైపు చూసింది. అతను రఘువీర్ సూట్‌కేసు పట్టుకుని నిలబడ్డాడు. రఘువీర్ ఫోన్‌లో 'హిడెన్ చైనా' గ్రూప్‌కు వరస ఫొటో పంపుతున్నాడు.

"వచ్చేసారి" అంది రేణు.

కౌంటర్‌లో ఉన్న ఆమె చైనా మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. వీసా లేనివాళ్ళ దగ్గర తర్వాతి ప్రయాణం టికెట్లు, ఉండబోయే చోటు కాగితాలు చూస్తోంది. ఫారంలో రాసుకుంటోంది. రఘువీర్ పాస్‌పోర్ట్‌ల కట్ట, హోటల్ ప్రింట్ ఇచ్చాడు. హైదరాబాద్ టికెట్లు చూపించాడు. ఆమె టికెట్లు చూసింది. ఎక్కడ ఉంటారని ఇంగ్లిష్‌లో అడిగింది.

"తైజౌ" అన్నాడు రఘువీర్.

"విచ్ తైజౌ, సర్?"

ఆమె పెన్ను ఫారం మీద ఆపి చూస్తోంది. ఆ మాటను అతను నలభై ఏళ్ళుగా మనుషుల్ని అడుగుతున్నాడు. అడిగించుకున్నప్పుడు ఎలా నిలబడాలో అతనికి తెలియలేదు.

"జియాంగ్... జియాంగ్సు" అన్నాడు. "ద ఫ్లాట్ వన్."

ఆమె తలూపి రాసుకుంది. కట్టలో పై పాస్‌పోర్ట్ అట్ట ఎత్తి చూసింది. అది గిరిజది. గిరిజ అతని పక్కనుంచి చెయ్యి చాపి లిన్ ఇచ్చిన కార్డును కౌంటర్ మీద పెట్టింది. ఆ అమ్మాయి కార్డు చదివి, గిరిజ మొహంలోకి చూసింది.

"షియాన్‌జూ!" అంది. తర్వాత ఇంగ్లిష్‌లో, వాళ్ళ అమ్మమ్మ వాళ్ళది ఆ పక్క ఊరేనని చెప్పింది. పొద్దున్నే కొండ పైకెళ్ళమంది, తొమ్మిది దాటితే మంచు విడిపోతుందని, అప్పుడు ఒట్టి రాళ్ళేనని. గిరిజ ఆ సమయాన్ని ఫోన్‌లో రాసుకుంది.

ఆ అమ్మాయి కార్డునూ హోటల్ ప్రింట్‌నూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఒకదాంట్లో పెట్టె ఉంది, ఒకదాంట్లో లేదు.

"మీరిద్దరూ కలిసి ప్రయాణం చేస్తున్నారా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

"యెస్" అన్నాడు రఘువీర్.

"షాంఘై దాకా" అంది గిరిజ. తెలుగులో అంది. ఆ అమ్మాయికి అర్థం కాలేదని గమనించి మళ్ళీ ఇంగ్లిష్‌లో చెప్పింది.

ఆ అమ్మాయి కట్టకున్న రబ్బర్ బ్యాండ్ తీసేసింది. పాస్‌పోర్ట్‌లను ఒక్కొక్కటీ విడిగా కౌంటర్ మీద పరిచి పని మొదలుపెట్టింది. పని అయ్యాక రఘువీర్ అలవాటు ప్రకారం నాలుగింటికీ చెయ్యి చాపాడు. గిరిజ తనది ముందే తీసుకుని హాండ్‌బాగ్‌లో వేసుకుంది. అతని చేతికి మూడు వచ్చాయి. రబ్బర్ బ్యాండ్ కౌంటర్ మీదే ఉండిపోయింది. దాన్ని రాజ్ తీసి ఇచ్చాడు.